సరస్సు, విహారమండపము: రొకోకో ప్రకృతిచిత్రమును మౌలాలి తోటయు

ప్రబంధములలోని ఉద్యానవర్ణనలను గూర్చి మన విమర్శగ్రంథములందును, పరిశోధన వ్యాసములందును తఱచుగా కనబడు ఆక్షేపణ యొకటి కలదు. ఆ తోటలు ఏ యూరివియు కావనియు, ఆ కొలనులలో నీటికంటె అలంకారములే ఎక్కువనియు, కవి తన కన్నులతో చూచి వ్రాసినవి కావనియు దాని సారాంశము. ఈ మాట పూర్తిగా అసత్యము కాదు. కాని యింతమాత్రము చెప్పి ఊరకుండుటవలన ప్రయోజనము లేదు. చూడని తోటను కవి ఏల వర్ణించెను, ఆ వర్ణన చదువరికి ఏమి ఇచ్చెను అను ప్రశ్నలు అట్లే మిగిలియుండును. వీనికి సమాధానము వెదకుటకై మేము కొంతసేపు సాహిత్యమును విడిచి, 18వ శతాబ్దపు ఐరోపా చిత్రకళలోని రొకోకో రీతిని పరిశీలింప దలచితిమి. అందును ఒక్క వస్తువునే తీసికొంటిమి: నిశ్చలమైన సరస్సు, దాని యొడ్డున అన్యదేశపు పోకడలుగల విహారమండపము. దీనికి గీటురాయిగా హైదరాబాదు తూర్పుభాగమున, నాచారమునకు ఉత్తరపు దిక్కున, మౌలాలి గుట్ట దిగువనున్న యొక నిజమైన తోటను ఎన్నుకొంటిమి. ఆ తోటకు 1792లో రూపము కలిగినది. రొకోకో చిత్రకారులలో కడపటి తరమువారు కొందఱు అప్పటికి ఇంకను జీవించియే యుండిరి.

రొకోకో యనునది మొదట గౌరవవాచకము కాదు. గులకఱాళ్లతోను గవ్వలతోను తోటలలో కృత్రిమ గుహలను అలంకరించు పనికి ఫ్రెంచిభాషలో ‘రొకాయ్’ అని పేరు. ఆ మాటనుండి తరువాతి తరమువారు ఎగతాళిగా కల్పించిన పదమిది. 1715లో పదునాలుగవ లూయీ మరణించిన పిమ్మట ఫ్రెంచి ప్రభువర్గము వెర్సాయి రాజభవనపు గంభీరతనుండి తొలగి, పారిసు నగరమున చిన్న చిన్న గదులుగల భవనములలో నివసింప మొదలిడెను. ఆ గదులకు తగిన కళ రొకోకో. ఆంత్వాన్ వాతో (1684–1721), ఫ్రాన్స్వా బూషే (1703–1770), ఫ్రాగొనార్ (1732–1806) ఇందు ప్రముఖులు.

గది చిన్నదగుట ఇచట ముఖ్యమైన విషయము. రొకోకో ప్రకృతిచిత్రములలో అనేకములు విడిగా గోడకు వ్రేలాడదీయుటకు వ్రాసినవి కావు. ద్వారబంధములకు పైభాగమున, చెక్కపలకల నడుమ, గదియొక్క అలంకరణలో ఇమిడిపోవునట్లు వ్రాసినవి. కొన్నిటి అంచులు చతురస్రముగా నుండక వంకరలు తిరిగియుండును. చూపరి వానియెదుట నిలిచి గంటలకొలది పరిశీలింపడు. సంభాషణ మధ్యమున తల యెత్తినప్పుడు కంటికి ఒక చల్లదనము తగులవలెను. చిత్రము కోరునది అంతే. ఆ చిత్రములోని సరస్సు ఏ సరస్సని అడుగుట, కల్యాణమంటపపు తోరణములోని మామిడాకు ఏ తోపుదని అడుగుటవంటిది.

ఇట్టి చిత్రపు నిర్మాణమును కొంచెము వివరించెదము. ఎదుటి భాగమున ఒక ప్రక్కగా, మట్టిరంగు నీడలో, వంగిన పెద్దచెట్టు ఒకటి యుండును. నాటకరంగమున ప్రక్కతెర యెట్టిదో చిత్రమున ఈ చెట్టు అట్టిది. చూపును లోపలికి నెట్టుటయే దాని పని. ఈ యుక్తి రొకోకోవారి సొంతము కాదు. 17వ శతాబ్దమున క్లాడ్ లొరేన్ అను చిత్రకారుడు దీనిని స్థిరపఱచి యుంచెను. చెట్టును దాటినంతనే నీరు. నీటిలో ఆకాశపు వెలుగు పరచుకొనియుండును. ఒక పడవ, జాలరి యొకడు, బట్టలుతుకు స్త్రీ యొకతె. వీరందఱును బొటనవ్రేలంత పరిమాణమున నుందురు. ఆవలి యొడ్డున, సరిగా నడుమ గాక ఒక ప్రక్కకు ఒదిగి, మండపము. చివరలు పైకి లేచిన కప్పు, కప్పుకొనలకు గంటలు, సన్నని స్తంభములు, నీటిలోనికి దిగు మెట్లు. దానిని చెట్లు సగము కప్పియుంచును. పూర్తిగా కనబడినచో అది కట్టడమగును. సగము కనబడుటచేతనే అది కోరిక యగుచున్నది. ఆ వెనుక కొండలు నీలిపొగవలె పలుచనై ఆకాశమున కలిసిపోవును.

రంగులలో లేతనీలము, గులాబి, వెండిఛాయగల ఆకుపచ్చ, మీగడతెలుపు ప్రధానములు. సరళరేఖ వీలైనంతవఱకు ఉండదు. ప్రకృతి మఱీ ఎక్కువ పచ్చగా నున్నదని బూషే ఫిర్యాదు చేసెనని యొక ప్రతీతి కలదు. ఆయన చిత్రములను చూచినచో నమ్మబుద్ధి యగును. ఈ చిత్రములలో వేళ తెలియదు. మధ్యాహ్నపు ఎండ లేదు, నీడలకు పొడవు లేదు. సరస్సులోనికి నీరు ఎచటనుండి వచ్చినదో, ఎచటికి పోవునో అసలే తెలియదు. ఈ కడపటి లోపమును పాఠకులు జ్ఞాపకమందుంచుకొనవలెనని మనవి.

ఇక అన్యదేశీయతను గూర్చి. 1742లో బూషే చైనా విషయములుగల నమూనా చిత్రములను పారిసు ప్రదర్శనమున ఉంచెను. బోవే నగరపు నేతశాలలో వానిని గోడతెరలుగా నేసిరి. ఆ నమూనాలు ఫ్రాన్సుదేశమున బెజాన్సాన్ నగరపు ప్రదర్శనశాలలో నేటికిని కలవు. వానిలో చైనాతోటను చూపునది యొకటి, చైనావారి చేపలవేటను చూపునది యొకటి. బూషే చైనాను ఎన్నడును చూడలేదు. డచ్చి రాయబారులతో పోయి వచ్చినవారి గ్రంథములలోని బొమ్మలు, పింగాణి పాత్రలపై చిత్రములు, లక్క పనితనముగల పెట్టెలు ఆయనకు ఆధారములు. ఇంతవఱకు ఇది ప్రబంధములపై మనవారు చేయు ఆక్షేపణకు సరిపడిన ఉదాహరణమువలె కనబడును.

కాని కథ ఇచట ముగియలేదు. ఆ గోడతెరల జత యొకటి 1760ల దశకమున ఫ్రెంచిరాజు కానుకగా చైనాచక్రవర్తి చియెన్‌లుంగునకు చేరెను. చైనాలేని చైనాతోటను చైనాచక్రవర్తి చూచెను; చూచి ఆదరించెను. ఆయనకు అది పరదేశపు వింత. అంతకుముందే, 1747నుండి, ఆయన పెకింగునకు చేరువనున్న యువాన్‌మింగ్‌యువాన్ తోటలో ఇటలీదేశపు జెసూట్ సోదరుడును చిత్రకారుడును అగు కాస్టిల్యోనె మొదలగువారిచే ఐరోపారీతి భవనములను, నీటియంత్రములను కట్టింప నారంభించెను. ప్రష్యారాజు ఫ్రెడరిక్ పోట్స్‌డామ్ తోటలో 1755–64 నడుమ చైనామండపమును కట్టించుచుండగా, చైనాచక్రవర్తి తోటలో ఐరోపామండపములు లేచుచుండెను. చిత్రములోని మండపము ఏ దేశముదైనను కావచ్చును. చూచువాని దేశముది మాత్రము కారాదు. మాకు తోచినంతవఱకు రొకోకో అన్యదేశీయతలోని నియమము ఇదియొక్కటే. ఆ ఐరోపా భవనములను 1860లో బ్రిటిషు, ఫ్రెంచి సైన్యములు దగ్ధము చేసినవి.

ఈ వింతల వ్యాపారమున తెలుగుదేశపు పాలు స్వల్పము కాదు. మచిలీపట్టణము మొదలగు రేవులనుండి పోయిన కలంకారి వస్త్రములను ఐరోపావారు ఎంతగా కోరిరనగా, సొంత నేతగాండ్రను కాపాడుకొనుటకు ఫ్రెంచి ప్రభుత్వము 1686లో వానిని నిషేధించి, 1759వఱకు ఆ నిషేధమును ఎత్తలేదు. ఈ వస్త్రములలో పెద్ద పఱపులపై కొండఱాళ్ల గుట్టనుండి మెలికలు తిరుగుచు పైకి లేచు పూలచెట్టు ఒకటి యుండును. ఇది మన ప్రాచీన సంప్రదాయమని చాలకాలము భావించిరి. జాన్ ఇర్విన్, కాథరిన్ బ్రెట్ అనువారు 1970లో ప్రకటించిన గ్రంథమున దీని చరిత్ర వేఱని చూపిరి. ఐరోపా వర్తకులు తమ దేశపు అభిరుచికి తగిన మాదిరులను ఇచటికి పంపిరి. ఆ అభిరుచిలో అప్పటికే చైనా పోకడలు కలిసియుండెను. మన అద్దకపువారు వానిని తమ చేతివాటమునకు అనుగుణముగా మార్చి వ్రాసిరి. అనగా తెలుగు పనివాడు ఐరోపావాడు ఊహించిన చైనాను వ్రాయగా, దానిని ఐరోపావారు హిందూదేశపు వింతగా కొనిరి. నిషేధము తొలగిన మఱుసటి సంవత్సరమే ఓబెర్‌కాంఫ్ జూయీ అను గ్రామమున తన అద్దకపుశాలను స్థాపించెను. పిల్మాన్ (1728–1808) అను చిత్రకారుడు కల్పించిన చైనామండపములు, విచిత్రపుష్పములు అచ్చుపలకల ద్వారా ఐరోపా వస్త్రములపైకి ఎక్కినవి.

దీనికి ప్రతిగా వియన్నా నగరపు షోన్‌బ్రున్ రాజభవనమున ఒక గది కలదు. మరియా థెరీసా రాణి కాలమున మొగలు సూక్ష్మచిత్రములను కత్తిరించి, ఒకదానితో నొకటి అతికి, రొకోకో చట్రములలో బిగించి గోడలనిండ అమర్చిరి. ఎక్కడి తోట, ఎక్కడి రాజు, ఎక్కడి గాయకుడు! ఒక పుటలోని మనుష్యుడు మఱియొక పుటలోని మండపమున కూర్చుండెను. మన చిత్రములు అంత గౌరవమును, అంత అవమానమును ఒక్కసారిగా పొందిన తావు మఱియొకటి లేదని మా అభిప్రాయము.

అదే కాలమున హైదరాబాదు చిత్రకారులు ఏమి చేయుచుండిరి? 18వ శతాబ్ది మధ్యభాగపు హైదరాబాదు రాగమాలాచిత్రములందు తెల్లని మిద్దె, దానిముందు పూలమళ్లు, జలయంత్రము, వెనుక వరుసగా చెట్లు, దూరమున లేతరంగు కొండలు కనబడును. 1784–85లో హైదరాబాదున రెసిడెంటుగా నుండిన రిచర్డు జాన్సన్ ఇట్టివానిని సేకరించెను. అవి నేడు లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున నున్నవి. నిజాం అలీఖాను ఆస్థానమున వెంకటాచలము అను పేరుగల చిత్రకారుడు ఉండుట మన విద్యార్థులు గమనింపదగిన విషయము. ఈ చిత్రములలోని మండపము చూపరికి అన్యదేశపుది కాదు. అది అతడు నిన్న సాయంకాలము కూర్చుండిన మిద్దెకు మెఱుగు పెట్టిన రూపము. రొకోకో చిత్రమునకును దీనికిని వస్తువులు సమానములే, దూరము వేఱు.

ఈ దూరమను మాటతో మరల ప్రబంధమునకు రావచ్చును. దండి మొదలగు లాక్షణికులు చెప్పిన వర్ణనాంశములలో నగరము, పర్వతము, ఋతువు, చంద్రోదయములతోపాటు ఉద్యానము, సలిలక్రీడ కలవు. కవి వానిని విడువరాదు. అందుచేత వర్ణన వచ్చుట సహజము. కాని ఏ తోట వచ్చునన్నది కవి యిష్టము. మన కవులు ఎన్నుకొన్న దూరము సముద్రమునకు ఆవలిది కాదు, ఊర్ధ్వలోకమునకు చెందినది. మనుచరిత్రలోని ప్రవరుని చూడుడు. ఊరు కదలని గృహస్థు. తీర్థయాత్రికులను దూరదేశములను గూర్చి అడిగి వినుటయే అతని వేడుక. పాదలేపము దొరకగనే హిమాలయమునకు పోయెను, వింతలు చూచెను, వరూధిని యింటిని, తోటను చేరెను. అన్యదేశపు సౌందర్యమునకు లొంగు చూపరి స్వభావమును ఇంతకంటె చక్కగా నిరూపించిన పాత్ర రొకోకో యుగపు సాహిత్యమున సైతము అరుదు. అయితే పెద్దన అచట ఆగలేదు. మంచునకు పాదలేపము కరగినది. ప్రవరునకు ఇల్లు చేరు దారి లేకపోయినది. పారిసు గదిలో ద్వారముపైనున్న సరస్సును చూచు ప్రభువునకు ఈ ప్రమాదము లేదు. అతని లేపము ఎన్నటికిని కరగదు, ఏలయన అతడు కుర్చీనుండి లేవనే లేదు. ఉద్యానవర్ణన అసహజమని ఆక్షేపించువారు ఈ భేదమును చూడవలెను. పెద్దన తోట చూచి వ్రాసినది కాకపోవచ్చును. ఆ తోటలోనికి పోయినవానికి కలుగు నష్టమును మాత్రము ఆయన లెక్కించెను.

ఇబ్రహీం కుతుబ్‌షాహి కాలమున, 1562 ప్రాంతమున, హుస్సేనుసాగరము త్రవ్వబడెను. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆ రాజునకే అంకితము చేసెను. నిజమైన సముద్రమంత చెరువును కట్టించిన ప్రభువు కవినుండి కోరినది సూర్యపుత్రిక కథ. చెరువు ఆయనకు ఉండనే యుండెను గదా!

ఇప్పుడు నాచారము వైపునకు పోదము. విశ్వవిద్యాలయ ప్రాంగణమునుండి తార్నాక, హబ్సీగూడల మీదుగా పోయిన బాట ఒకవైపు ఉప్పలునకు, ఒకవైపు నాచారమునకు చీలును. ఉప్పలు నల్లచెరువు, నాచారపు పెద్దచెరువు ఈ ప్రాంతపు పాతజలాశయములలోనివి. ఇవి సరస్సులు కావు, చెరువులు. భేదము మాటలోది మాత్రమే కాదు. చెరువునకు కట్ట కలదు, తూము కలదు, నిండినపుడు పొర్లుటకు అలుగు కలదు, దిగువన ఆయకట్టు కలదు, తూము తెఱచి నీరు పంచు నీరటి కలడు. పై చెరువు పొర్లినచో దిగువచెరువు నిండును. అన్నిటిని మించినది మూసీలోనికి పోవును. రొకోకో సరస్సునకు నీరు వచ్చు దారియు పోవు దారియు లేవని పైన చెప్పితిమి. మన ప్రబంధపు కొలనునకు సైతము తూము లేదు. ఈ విషయమున రెండు సంప్రదాయములును ఒక్కటే: నీటి వెనుకనున్న శ్రమను రెండును దాచినవి. జాలరిని, చాకలిస్త్రీని బొటనవ్రేలంత చేసి రొకోకోవారు చూపిరి. మనవారు అంతకూడ చూపలేదు.

నాచారమును దాటి ఉత్తరమునకు పోయినచో మౌలాలి గుట్ట. దాని దిగువ, గోడల నడుమ, మహలఖాబాయి చందా తోట యున్నది. ఈమె 1768లో పుట్టి 1824లో మరణించెను. రెండవ, మూడవ నిజాములనాటి ఆస్థానమున గానమునకును నృత్యమునకును పేరొందెను. ఉర్దూభాషలో గజళ్లు వ్రాసి దివానుగా కూర్చెను. ఆ దివాను ప్రతి యొకదానిని 1799లో జాన్ మాల్కం అను ఆంగ్లాధికారికి బహూకరించెను. అడిక్‌మెట్ భూములు ఈమె జాగీరులోనివే. ఉస్మానియా విశ్వవిద్యాలయము లేచినది ఆ వైపుననే యని మనము తఱచుగా మఱతుము. తల్లి రాజ్‌కన్వర్‌బాయి మరణింపగా ఆమె సమాధిని మౌలాలి దిగువ కట్టించి, చుట్టును నాలుగు భాగములుగా విభజించిన చార్‌బాగు రీతి తోటను నిర్మించెను. తరువాత తానును అచటనే సమాధి చెందెను. నిర్మాణమున దళములుగా విచ్చుకొన్న కమానులు, సున్నపు పూతలో పూలపని, జాలీలు కలవు. మసీదును బావియు కలవు. మౌలాలి ఉర్సు దినములలో ఆస్థానపు పరివారమంతయు గుట్టకు తరలివచ్చుట ఆ కాలపు వాడుక; అందుచే ఈ తావు ఏకాంతమును కాదు.

ఈ తోటను రొకోకో చిత్రకారుడు చూచియుండినచో ఏమి చేసియుండును? కమానులను తీసికొని సరస్సు ఒడ్డున నిలిపియుండును. గుట్టను నీలిపొగగా మార్చియుండును. ఒక స్త్రీమూర్తిని మెట్లపై కూర్చుండబెట్టియుండును. చిత్రము బహుసుందరముగా నుండును. ఒక్కటి మాత్రము పోవును: అది కుమార్తె తల్లికై కట్టించిన సమాధి యను సంగతి. అన్యదేశీయతకై చూచు కన్ను వస్తువునుండి తొలగించునది దీనినే. రూపమును ఉంచును, రంగును ఉంచును, కట్టించినవారి దుఃఖమును విడుచును. మహలఖాబాయికి సైతము చార్‌బాగు పుట్టింటి రూపము కాదు. అది పారశీకమునుండి మొగలుల వెంట వచ్చిన రీతి. ఆమె ఆ పరదేశపు రూపమును తన తల్లిని ఉంచుటకు వాడుకొనెను. ఒక రూపము పరదేశపుది అగుట దోషము కాదనియు, దానిలో ఎవరిని ఉంచితిమన్నదే ప్రశ్న యనియు మేము ఈ తోటలో నిలిచినప్పుడు తోచినది. ప్రబంధపు తోటలను చదువుటలోను ఈ ప్రశ్న పనికివచ్చును. వరూధిని తోటలో ఒక స్త్రీయొక్క నిరాశ యున్నది. అందుచే అది నిలిచినది. అనుకరణ ప్రబంధములనేకములందు తోట యున్నది గాని అందులో ఎవరును లేరు.

మౌలాలి తోట చాలకాలము పాడుపడియుండెను. అమెరికా ప్రభుత్వపు ద్రవ్యసాహాయ్యముతో 2010–11లో దానిని బాగుచేసిరి. సముద్రమునకు ఆవలివారు దీనిని ముందుగా ఆదరింపవలసి వచ్చుట మనకు కొంత సిగ్గును కలిగింపకపోదు.

రొకోకో సరస్సు తెలుగువారి యెదుటికి రాకపోలేదు. ఆలస్యముగా, వేఱొక దారిన వచ్చినది. 1885లో ప్రారంభమైన సురభి నాటకసమాజమువారును, పారసీ నాటకముల పద్ధతి ననుసరించిన ఇతర సమాజములవారును వాడిన తెరలలో తోటతెర యొకటి. ఒక ప్రక్క వంగిన చెట్టు, నడుమ హంసలున్న కొలను, ఆవల పాలరాతి స్తంభముల మండపము, వెనుక నీలికొండలు. క్లాడ్ చెట్టు, బూషే కొలను ఊరూర బండ్లమీద తిరిగినవి. శకుంతల ఆ తెరముందే పాడెను, సుభద్రయు ఆ తెరముందే పాడెను. తరువాత పౌరాణిక చలనచిత్రములు ఆ తెరను కఱ్ఱతోను గుడ్డతోను సున్నముతోను కట్టి నిలబెట్టినవి. నందమూరి తారకరామారావు స్థాపించిన చిత్రనిర్మాణశాల యొకటి ఈ నాచారముననే యుండుట కాకతాళీయమే యైనను, చెప్పక విడుచుటకు మనసు రాలేదు.

మేము తిరిగివచ్చునప్పుడు చెరువు కట్టమీద కొంతసేపు ఆగితిమి. ఆయకట్టు ఇండ్లస్థలములుగా మారి చాల సంవత్సరములైనది. తూములతో ఇప్పుడు ఎవరికిని పని లేదు. నగరపు మురుగు మాత్రము చెరువులలోనికి వచ్చుచున్నది. ఈ నగరపు చెరువులనేకములలో నీరు కనబడకుండ గుఱ్ఱపుడెక్క అల్లుకొనును. లేత ఊదారంగు పూలు, మెఱయు ఆకులు. దూరమునుండి చూచువానికి అది పూలతోటయే. ఆ మొక్క దక్షిణ అమెరికాది. పూవు అందమునకై, తోటకొలనులలో పెంచుటకై, 19వ శతాబ్ది చివరిభాగమున దానిని వంగదేశమునకు తెచ్చిరి.